స్టడీ హాల్లో ఆ ఫ్రిజ్ ఎందుకు? అశోక్‌నగర్ యజమానులకు బహిరంగ లేఖ

అశోక్‌నగర్, చిక్కడపల్లి, గాంధీనగర్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ చుట్టుపక్కల స్టడీ హాళ్లు, హాస్టళ్లు నడుపుతున్న అన్నలకు, అక్కలకు, కోచింగ్ సెంటర్ల మేనేజ్‌మెంట్లకు,

నమస్కారం.

నేను చిక్కడపల్లిలో ఒక మందుల షాపులో ఫార్మసిస్టుని. మీ స్టడీ హాళ్లలో గుమ్మం పక్కన పెట్టిన అద్దాల ఫ్రిజ్ గురించి ఈ లేఖ రాస్తున్నాను. అందులో నీళ్ల సీసాలు అడుగు అరలో ఉంటాయి. కంటికి ఎదురుగా ఉండే అరల నిండా ఎరుపు, నీలం ఎనర్జీ డ్రింకులు. ఆ డ్రింకులను హాల్లోంచి తీసేయమని, అది కుదరకపోతే కనీసం సాయంత్రం నాలుగు తర్వాత అమ్మొద్దని అడుగుతున్నాను. ఎందుకో చెప్పాలంటే కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ఎనర్జీ డ్రింకు విషమని నేను అనడం లేదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు ఎప్పుడో ఒకసారి, పగటిపూట, ఒక చిన్న సీసా తాగితే కొంపలేం మునగవు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (దేశంలో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) నిబంధనల ప్రకారం ఈ డ్రింకుల్లో లీటరుకు 145 నుంచి 300 మిల్లీగ్రాముల మధ్య కెఫీన్ ఉండాలి. అంటే 250 మిల్లీలీటర్ల సీసాలో ఎక్కువలో ఎక్కువ 75 మిల్లీగ్రాములు. మన ఊళ్లోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో 150 మిల్లీలీటర్ల డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120, అదే కొలత టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుందని రాశారు. లెక్క ప్రకారం మీ ఫ్రిజ్‌లోని సీసా ఒక కప్పు కాఫీ కన్నా ఎక్కువేం కాదు.

మీలో ఒకాయన మా కౌంటర్ దగ్గర నన్ను ఇదే అడిగారు. "ఇరానీ చాయ్ అమ్మితే తప్పులేదు గానీ ఇది అమ్మితే తప్పా మేడం?" న్యాయమైన ప్రశ్నే. ఆ రోజు షాపులో రద్దీగా ఉండి సరిగ్గా జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను.

చాయ్ తాగాలంటే పిల్లలు లేచి, మెట్లు దిగి, రోడ్డు మీదికి పోవాలి. వేడిగా ఉంటుంది కాబట్టి ఊదుకుంటూ తాగాలి. పక్కవాడితో నాలుగు మాటలు మాట్లాడతారు, నడుం నిటారవుతుంది, కళ్లకు పుస్తకం నుంచి కాస్త తెరిపి. పైగా రాత్రి ఒక వేళ దాటాక హోటల్ షట్టర్ దించేస్తారు. మీ ఫ్రిజ్‌కు షట్టర్ లేదు. రాత్రి ఒంటిగంటకు కూడా అది వెలుగుతూనే ఉంటుంది, కుర్చీకి పది అడుగుల దూరంలో. చల్లటి తియ్యటి సీసా రెండు నిమిషాల్లో ఖాళీ అవుతుంది. కెఫీన్ అదే కావచ్చు గానీ తాగే వేళ వేరు, తాగే తీరు వేరు. గొడవంతా అక్కడే.

కెఫీన్ ఒంట్లో చేసే పని గురించి రెండు ముక్కలు. మనం మేలుకుని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ ఉంటుంది. అది వెళ్లి మెదడు కణాల మీద తన కోసం ఉన్న గ్రాహకాలకు (రిసెప్టర్లకు) అతుక్కుంటే నిద్ర ముంచుకొస్తుంది. కెఫీన్ ముందే వెళ్లి ఆ గ్రాహకాల్లో కూర్చుంటుంది. అడినోసిన్ పేరుకోవడం ఆగదు, అది ఉన్న సంగతి మనకు తెలియదంతే. బండి పెట్రోల్ ముల్లు ఎర్ర గీతలోకి దిగినప్పుడు దాని మీద స్టిక్కర్ అతికించి నడపడం లాంటి పని ఇది. కెఫీన్ ప్రభావం తగ్గగానే ఆపిన నిద్రంతా ఒక్కసారిగా మీద పడుతుంది. తెల్లారి క్లాసులో వెనక బెంచీల్లో తలలు వాలిపోయేది అందుకే.

ఇంకో సంగతి, రక్తంలో కెఫీన్ సగానికి తగ్గడానికి పెద్దవాళ్లలో సగటున ఐదు గంటలు పడుతుంది. రాత్రి పదకొండుకు ఒక సీసా తాగితే తెల్లవారుజామున నాలుగుకు కూడా అందులో సగం ఒంట్లోనే ఉంటుంది. ఆ పిల్లవాడు రెండింటికి హాస్టల్‌కు వెళ్లి పడుకున్నా, కళ్లు మూసుకున్నాడన్న మాటే గానీ గాఢ నిద్ర పట్టదు. పడుకోవడానికి ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ తీసుకున్నా నిద్ర గంటకు పైగా తగ్గిపోయిందని 2013లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనం తేల్చింది. 400 అంటే పెద్ద మోతాదే, ఒక సీసాకు అంత ఉండదు. కానీ మీ దగ్గర పిల్లలు తీసుకునేది ఆరు గంటల ముందు కాదు, మూడు గంటల ముందు.

పగలంతా చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. గ్రూప్స్‌కు చదివేవాళ్లు పాలిటీలో ఆర్టికల్ నంబర్లు, ఎకానమీలో లెక్కలు, తెలంగాణ ఉద్యమ చరిత్రలో తేదీలు ఇవన్నీ గుర్తుపెట్టుకోవాలి. సీటు కోసం మీకు నెలనెలా డబ్బులు కట్టేది దానికే. అదే హాల్లో ఆ జ్ఞాపకశక్తినే తినేసే సరుకు ఎమ్మార్పీకి అమ్ముతున్నాం. "నిద్రపోయేవాడికి జాబ్ రాదు" అని కొందరు సార్లు క్లాసులో అనేస్తుంటారు. వాళ్లు దయచేసి ఈ పేరా ఇంకోసారి చదవాలి.

ఇక పేరు సంగతి. డబ్బా మీద ఎనర్జీ అని ఉంటుంది. ఆ ఎనర్జీ ఎక్కడిది? మామూలు రకాల్లో అయితే చక్కెర నుంచి. వంద మిల్లీలీటర్లకు 11 గ్రాముల చక్కెర ఉండే రకం తీసుకుంటే, 250 మిల్లీలీటర్ల డబ్బాలో 27 గ్రాములకు పైనే. పైనుంచి కలుపుకునే చక్కెర రోజుకు 25 గ్రాములు దాటకపోతే మంచిదని పోషకాహార సంస్థ చెబుతోంది. ఒక్క డబ్బాతో ఆ రోజు కోటా అయిపోయి ఇంకా మిగిలింది. చక్కెర లేని రకంలో కేలరీలు దాదాపు సున్నా, అయినా దాని పేరూ ఎనర్జీయే! చవక సీసాల్లో కొన్నింటికి చక్కెర తగ్గించి కృత్రిమ తీపి కలుపుతున్నారు, లేబుల్ చూస్తే తెలుస్తుంది. టారిన్ అనే అమైనో ఆమ్లం ఉందంటారు, దాన్ని మన ఒళ్లే తయారుచేసుకుంటుంది. బి విటమిన్లు ఉన్నాయంటారు, ఒంటికి అక్కర్లేనివి చాలావరకు మూత్రంలో పోతాయి. మేలుకోబెట్టేది కెఫీన్ ఒక్కటే. మిగతాది రంగు, రుచి, ప్రకటన.

ఈ రకం డ్రింకు పుట్టుక కూడా చదువుకునేవాళ్ల కోసం కాదు. థాయిలాండ్‌లో 1970లలో చలియో యూవిధ్యా అనే ఆయన లారీ డ్రైవర్లు, కూలీల కోసమని ఒక టానిక్ లాంటిది అమ్మాడు. దాన్ని రుచి చూసిన ఆస్ట్రియా వ్యాపారి ఒకరు ఆయనతో చేతులు కలిపి, గ్యాస్ కలిపి, సన్నని డబ్బాలో పోసి 1987లో యూరప్‌లో దించారు. అదే రెడ్ బుల్. మన దగ్గర చాలా ఏళ్లు అది వంద రూపాయల సరుకు, పబ్బులకు, జిమ్‌లకు పోయేవాళ్లు తాగేది. ఇరవై రూపాయల ప్లాస్టిక్ సీసా వచ్చాక కథ మారింది. ఇప్పుడు ఆటో స్టాండులో, డెలివరీ అబ్బాయి బండి డిక్కీలో, హైటెక్ సిటీ నైట్ షిఫ్ట్ క్యాబ్‌లో, అన్నిచోట్లా అదే. నిద్ర ఆపుకుని బండి నడిపేవాళ్ల గురించి వేరే లేఖే రాయాలి.

ఇప్పుడు మా కౌంటర్ దగ్గర కనిపించేది చెబుతాను. రాత్రి మీ దగ్గర ఎనర్జీ డ్రింకు, పొద్దున మా దగ్గర గ్యాస్ గోలీ. "అక్కా, గుండె దడదడ అంటున్నది, ఏమన్నా గోలీ ఉందా" అని అడిగేవాళ్లు ఉంటారు. రాత్రి ఏం తాగావని అడిగితే ముందు "ఏం లేదక్కా" అంటారు. ఖాళీ కడుపుతో రెండు సీసాలు తాగిన సంగతి మూడో ప్రశ్నకు గానీ బయటికి రాదు. మెస్‌లో రాత్రి భోజనం మానేసి ఆ డబ్బులతో ఇది తాగేవాళ్లు ఉన్నారు. ఈ నగరంలో ఐదు రూపాయలకు భోజనం పెట్టే క్యాంటీన్లున్నాయి, ఒక్క సీసా ధరకు నాలుగు పూటలు గడుస్తాయి.

తలనొప్పి గోలీల సంగతి మీకు తెలిసి ఉండదు. రోజూ కెఫీన్‌కు అలవాటుపడ్డ మనిషి ఒకరోజు మానేస్తే, పన్నెండు గంటల నుంచి ఒక రోజు లోపు తలనొప్పి మొదలవుతుంది. మా దగ్గరికొచ్చి గోలీ కొంటారు. మన దేశంలో అమ్మే తలనొప్పి గోలీల్లో కొన్నింటిలో కెఫీన్ కూడా ఉంటుంది, ఒక్కో గోలీకి 50 మిల్లీగ్రాములు ఉండేవీ ఉన్నాయి. వేసుకోగానే తగ్గుతుంది. గోలీ బాగా పనిచేసిందనుకుంటారు. నిజానికి మానేసిన కెఫీన్ మళ్లీ ఒంట్లోకి వచ్చింది, అంతే. పగలు మూడు టీలు, రాత్రి రెండు సీసాలు, మధ్యలో ఇలాంటి గోలీ ఒకటి అనుకోండి. పోషకాహార సంస్థ రోజుకు దాటొద్దన్న 300 మిల్లీగ్రాముల గీత అక్కడే దాటిపోవచ్చు. ఆ పిల్లవాడిని అడిగితే మాత్రం "నేను కాఫీ కూడా తాగనక్కా" అంటాడు.

ఇంకా ఉన్నాయి. నీళ్ల విరేచనాలకో, యూరిన్ ఇన్ఫెక్షన్‌కో వాడే సిప్రోఫ్లాక్సాసిన్ గోలీ ఒంట్లో కెఫీన్ కరగడాన్ని నెమ్మదింపజేస్తుంది. అది వాడే రోజుల్లో ఒక సీసా తాగినా అది ఒంట్లో చాలాసేపు ఉండిపోతుంది. పీసీఓడీకి (అండాశయాల్లో హార్మోన్ల తేడాతో వచ్చే సమస్యకు) డాక్టర్లు రాసే హార్మోన్ గోలీల్లో చాలావాటితో ఇదే సమస్య. లేడీస్ హాస్టళ్లలో ఆ గోలీలు వాడే అమ్మాయిలు తక్కువేం కాదు. వాళ్లకు సాయంత్రం తాగింది మర్నాటి పొద్దుటిదాకా పోకపోవచ్చు. బీపీ ఉన్నవాళ్లు, గుండె లయలో తేడా ఉన్నవాళ్లు, టెన్షన్ జబ్బుకు మందులు వాడుతున్నవాళ్లు దీని జోలికి పోకపోవడమే మేలు. ఇరవై రెండేళ్ల కుర్రాడికి బీపీ ఉందో లేదో వాడికే తెలియదు, ఎప్పుడు చూపించుకున్నాడు కనుక?

2019లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనాన్ని కొందరు వాట్సాప్‌లో తిప్పుతుంటారు. ఆరోగ్యంగా ఉన్న 34 మందికి గంట వ్యవధిలో దాదాపు లీటరు ఎనర్జీ డ్రింకు తాగిస్తే, ఈసీజీలో గుండె విద్యుత్ లయ మారింది, బీపీ పెరిగింది. ఆ తేడా నాలుగు గంటల తర్వాత కూడా ఉంది. కానీ వాళ్లు తాగింది మీ సీసాకు దాదాపు నాలుగింతలు. ఒక్క సీసాతో గుండె ఆగిపోతుందని భయపెట్టడం నాకు ఇష్టం లేదు. పరీక్షకు పది రోజుల ముందు ఒక రాత్రిలో నాలుగు తాగేవాళ్లు మీ హాల్లో లేరని మాత్రం మీరు గుండెమీద చెయ్యేసుకుని చెప్పలేరు.

మరి ప్రభుత్వానికి రాయకుండా మాకెందుకు రాస్తున్నావంటారా? ప్రభుత్వం చేసింది చాలానే ఉంది. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పుస్తకంలో వీటి అసలు పేరు కెఫీన్ కలిపిన పానీయం. పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, కెఫీన్ పడనివాళ్లకు మంచిది కాదని, రోజుకు 500 మిల్లీలీటర్లు దాటొద్దని డబ్బా మీద రాసి తీరాలి. 2015లో కెఫీన్, జిన్సెంగ్ అనే మూలిక కలిపి అమ్ముతున్న కొన్ని రకాలకు అనుమతి వెనక్కి తీసుకుంది కూడా. 2025 సెప్టెంబరు 22 నుంచి వీటి మీద జీఎస్టీ 40 శాతం. అయినా మీ హాల్లో ఏం మారలేదు. లేబుల్ ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే చాలని రూల్. నాగర్‌కర్నూల్ నుంచో ఆదిలాబాద్ నుంచో వచ్చి, తెలుగు మీడియంలో గ్రూప్స్ రాసే పిల్లవాడు చీమ తలకాయంత అక్షరాల ఇంగ్లీషు హెచ్చరికను రాత్రి పన్నెండింటికి చదువుతాడా? సీసా చేతికిచ్చేది మీరు, అందుకే మీకు రాస్తున్నాను.

లేబుల్ మీద పోరాడితే పని కాదని కూడా అనుకోవడం లేదు. మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు చక్కెర నీళ్లకు ఓఆర్ఎస్ పేరు పెట్టి అమ్మడం మీద ఏళ్ల తరబడి కొట్లాడారు. 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఎండదెబ్బ తగిలితే, విరేచనాలైతే నీరసం పోవాలని ఎనర్జీ డ్రింకు తాగేవాళ్లు మా దగ్గరికి వస్తుంటారు. అలాంటప్పుడు ఒంటికి కావాల్సింది కొలత ప్రకారం ఉప్పు, గ్లూకోజు ఉన్న ఓఆర్ఎస్. అందులో లీటరుకు గ్లూకోజు పదమూడున్నర గ్రాములే. ఎనర్జీ డ్రింకులో లీటరుకు వంద గ్రాములు దాటే రకాలున్నాయి. అంత తీపిది తాగితే విరేచనాలు ఇంకా పెరగొచ్చు.

మీ ఇబ్బంది నాకు తెలియనిది కాదు. అద్దెలు మండిపోతున్నాయి, కరెంటు బిల్లు, ఏసీలు. ఫ్రిజ్ కంపెనీయే ఇస్తే ఎవరు వద్దంటారు? సీసాకు మిగిలే రూపాయో రెండో కూడా లెక్కే. మేం అమ్మకపోతే గేటు బయట పాన్‌డబ్బాలో కొంటారని అంటారు. కొననివ్వండి. బయటికి నడిచి వెళ్లాలంటే సగం మంది బద్ధకిస్తారు, ఇంకొందరు ఆ గాలికే మేలుకుంటారు. మిగిలినవాళ్లు ఎలాగూ తాగుతారు, వాళ్లను ఆపే శక్తి మీకూ లేదు, నాకూ లేదు.

ఫ్రిజ్ వెనక్కి ఇచ్చేయమనడం లేదు. దాంట్లో చల్లటి నీళ్లు పైఅరలోకి, మజ్జిగ ప్యాకెట్లు దాని కిందికి మార్చండి. పొద్దున మెస్‌లో రాగిజావ ఎలాగూ కాస్తారు, సాయంత్రం ఒక గిన్నె ఎక్కువ కాయిస్తే కొనేవాళ్లుంటారు. ఇంటర్ పిల్లలు మీ దగ్గర సీటు తీసుకుంటే, పద్దెనిమిది నిండనివాళ్లకు ఎనర్జీ డ్రింకు అసలు అమ్మొద్దు. పోలండ్‌లో 2024 జనవరి నుంచి ఇది చట్టం, లిథువేనియాలో 2014 నవంబరు నుంచే ఉంది. మనకు చట్టం వచ్చేదాకా ఆగాల్సిన పనేముంది? నోటిఫికేషన్లు పడ్డ సీజన్లో ఎవరైనా వచ్చి ఫ్రీ శాంపిల్ పంచుతామంటే లోపలికి రానివ్వకండి.

అన్నిటికన్నా కష్టమైనది చివర్లో అడుగుతున్నాను. "24 గంటలు ఓపెన్" బోర్డు. పోటీలో ఉన్నారు, పక్క హాల్ తెరిచి ఉంటే మీరు మూయలేరు. అయితే యూనియన్‌గా కూర్చుని రాత్రి ఒంటిగంట నుంచి నాలుగున్నర దాకా అన్నీ మూద్దామని అనుకోలేరా? సిటీ సెంట్రల్ లైబ్రరీలో సీటు దొరకని పిల్లలే కదా మీ దగ్గరికి వచ్చేది, రాత్రి మూడింటికి వాళ్లు ఎక్కడికీ పోరు, పడుకుంటారు. అది కూడా కుదరదంటే ఒక గదిలో నాలుగు చాపలు వేయండి. మధ్యాహ్నం ఇరవై నిమిషాల కునుకు తీసిన పిల్లవాడికి సాయంత్రం సీసా అక్కర్లేదు.

ఫ్రిజ్ మీద అతికించడానికి తెలుగులో ఒక పోస్టర్ రాశాను. మాటలు ఇవి:

"ఇది బలం ఇచ్చే పానీయం కాదు, కెఫీన్ కలిపిన పానీయం. సాయంత్రం నాలుగు తర్వాత తాగితే రాత్రి నిద్ర చెడుతుంది. రోజుకు రెండు చిన్న సీసాలు (500 మి.లీ.) దాటొద్దు. టీ, కాఫీ, కొన్ని తలనొప్పి గోలీల్లోనూ కెఫీన్ ఉంటుంది, అదీ లెక్కేసుకోండి. పద్దెనిమిదేళ్ల లోపువాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు తాగొద్దు. ఏవైనా మందులు వాడుతుంటే ముందు డాక్టర్‌నో ఫార్మసిస్టునో అడగండి. విరేచనాలకు, ఎండదెబ్బకు ఇది మందు కాదు."

ఏ3 సైజులో ప్రింట్ తీయించి పెట్టాను, కాపీలు ఉచితం. మా షాపులో పొద్దున, సాయంత్రం రద్దీ ఉంటుంది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య ఎవరినైనా పంపండి, ఇచ్చేస్తాను.

ఇట్లు,
చిక్కడపల్లి మందుల షాపులోని ఫార్మసిస్టు